ఇరవై గీతలు

రేవు క్వార్టర్స్, మూడో అంతస్తు
ఆదివారం

అక్కా,

ముందు కొలతలు రాసేస్తాను, లేకపోతే ఉత్తరం సగంలో వదిలేసి టేపు వెతుక్కుంటావు. నడుము నలభై నాలుగు మీద మూడు గీతలు. తుంటి నలభై తొమ్మిది. తొడ ఇరవై ఎనిమిది మీద ఒక గీత. నవ్వకు. డ్యూటీ ప్యాంటు ఒకటి కుట్టి పంపు. లోపల అంచు ఎక్కువ వదలొద్దు. ఇకమీదట దాన్ని వదులు చేసే పనుండదు, బిగించే పనే.

సంగతేమిటంటే, మా క్రేన్ నిచ్చెనకి కొత్త సేఫ్టీ బెల్టులు వచ్చాయి. కాలు జారితే మనిషిని ఆపే బెల్టు. దానిమీద అచ్చేసి ఉంది, వంద కిలోల దాకానే అని. నేను నూట తొమ్మిది. ఫోర్‌మన్ మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, నాలుగు నెలల్లో తనిఖీ ఉంది. ఆ రోజు కాటా వంద దాటితే నిన్ను పైకి పంపలేను. కింద ఏదో ఒక పని చూద్దాం." కింద ఏదో ఒక పనట! పద్నాలుగేళ్ళుగా నేను కూర్చున్న గాజు క్యాబిన్ అది. అక్కడినుంచి చూస్తే ఓడలు కూడా చెప్పినమాట వింటాయి. అందులో ఇంకొకరు కూర్చోవడం నేను కింద నిలబడి చూడాలా?

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రక్తం, మూత్రం, అమ్మకి పిత్తాశయంలో రాళ్ళుండేవన్న సంగతి, అన్నీ అడిగి వారానికొక ఇంజెక్షన్ రాసింది. చిన్న సీసా, పది సిరంజిలు. పొట్టమీద నేనే వేసుకోవాలి. మొదటి నాలుగు వారాలు పది యూనిట్లు, తర్వాత నాలుగు వారాలు ఇరవై, ఆ తర్వాత తను చూసి చెబుతుందట. "తొందరపడి పెంచకు. కొంచెం కొంచెంగా తిను, నీళ్ళు తాగు. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి వీపులోకి పాకినా, కళ్ళు తిరిగినా ఆ పూటే నాకు ఫోన్ చెయ్యి. కళ్ళు తిరిగే రోజు క్రేన్ ఎక్కకు" అంది. సరే సరే అన్నాను. ఆవిడ సిరంజి మీది అంకె చూపిస్తుంటే నేను మనింటి పద్ధతిలో గీతలు లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా పది. అమ్మ టేపు మీద అంకెలన్నీ అరిగిపోయాక మనిద్దరం గీతలతోనే కదా పెరిగాం. ఆ చీమ తలకాయలంత అంకెలు కళ్ళజోడు లేకుండా నాకెలాగూ కనపడవు.

బావగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు?

గున్న


కుట్టు గది
గురువారం

ఒసేయ్ గున్నా,

ప్యాంటు పంపాను. అంచు రెండు అంగుళాలు వదిలాను. నువ్వు చెప్పినట్టల్లా కుట్టడానికి నేను నీ కింద పనిచేసే మనిషిని కాను. ఒళ్ళు పెరుగుతుంది, తగ్గుతుంది, గుడ్డకి ఆ సంగతి తెలిసి ఉండాలి.

నాకు భయంగా ఉందని ముందే చెబుతున్నాను. లావుగా ఉన్నావని నేనెప్పుడూ బాధపడలేదు. గున్న అన్న పేరు పెట్టింది నేనే కాబట్టి ఆ పాపంలో నా వాటా నాకుంది. కానీ ఖాళీ కడుపుతో అంత ఎత్తు నిచ్చెన ఎక్కుతావని తలచుకుంటే సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతున్నాను. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి అద్దానికి అంటించు. నాలుగు వారాలకోసారి వెళ్ళి కనపడు. డ్యూటీ ఉందని ఎగ్గొడతావు, నీ సంగతి నాకు తెలీదూ?

ప్యాంటు జేబులో ఒక ప్యాకెట్టు పెట్టాను. మీ బావకి ఇన్సులిన్ మాన్పించి మాత్రలు రాశాక సీలు విప్పని సిరంజిలు మిగిలిపోయాయి. గడువు ఇంకా ఏడాదుంది. పారెయ్యడానికి చేతులు రాలేదు. నీవి అయిపోయినప్పుడు వాడుకో.

ఆయన ఆపరేషన్ వచ్చే నెల. ఫోన్ చెయ్యకు, నా చెవులు పూర్తిగా సమ్మె కట్టాయి. నువ్వు అరుస్తావు, నేను "ఆఁ?" అంటాను, వీధంతా వింటుంది. ఉత్తరమే రాయి. ఫోన్‌లో నీ మాట వినపడదు కానీ ఉత్తరంలో నీ అబద్ధం కూడా నాకు వినపడుతుంది.

అక్క


రేవు క్వార్టర్స్
ఆదివారం

అక్కా,

నాలుగు వారాలు గడిచాయి. నూట ఆరు! నడుము నలభై మూడు మీద రెండు గీతలు. మొదట్లో కొంచెం వికారం, అంతే. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది. మధ్యాహ్నం డబ్బా విప్పితే క్యాంటీన్ అమ్మాయి "పక్షికి తెచ్చారా?" అంటోంది.

డాక్టరమ్మని ఫోన్‌లోనే పలకరించాను. బాగానే ఉన్నానంటే ఇరవైకి పెంచమంది, కొత్త సీసా పంపింది, కానీ వచ్చి కనపడమని గట్టిగా చెప్పింది. వెళ్తాలే. రెండు ఓడలు ఒకేసారి వచ్చి నిలబడ్డాయి, ఊపిరి తిప్పుకునే సందు లేదు.

సిరంజిలు ఆరు మిగిలాయి కానీ వాటి మీద డబ్బాలోని పచ్చడంతా ఒలికింది. అందుకే నీ ప్యాకెట్టు విప్పాను. అక్కా, బావగారివి మా వాటికంటే పొడుగ్గా, నాజూగ్గా బాగున్నాయి. నిన్న ఇరవై గీతలు వేసుకున్నాను.

ప్యాంటు అంచు రెండు అంగుళాలు ఎందుకు వదిలావో చూద్దాం, ఎవరు గెలుస్తారో.

గున్న


రేవు క్వార్టర్స్
బుధవారం

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయడానికి తీరిక దొరకలేదు. అంతా బాగుంది. నూట మూడు. నడుము నలభై ఒకటి మీద ఆరు. ప్యాంటు నిలవడం లేదు, పార్శిల్ చేశాను, బిగించి పంపు. డాక్టరమ్మ దగ్గరికి వచ్చే వారం.

గున్న


కుట్టు గది
శనివారం

గున్నా,

నీ ఉత్తరం ఏడు వరసలు. అంతా బాగుంది అన్నావు కానీ ఒక్క జోకు లేదు.

ప్యాంటు బల్ల మీద పరిచాను. ముప్పై ఏళ్ళుగా మనుషులు విప్పిన బట్టలే చూస్తున్నాను, నాకు అవే మాట్లాడతాయి. కూర్చుని పనిచేసేవాళ్ళకి వెనకవైపు గుడ్డ మెరుస్తుంది. నీ పాత ప్యాంట్లన్నీ అలాగే మెరిసేవి. ఈ ప్యాంటుకి వెనక ఏమీ లేదు. ముందు, రెండు మోకాళ్ళ దగ్గరా గుండ్రంగా రెండు మరకలున్నాయి. ఉతికినా పోలేదు. తడి నేల మీద పదే పదే ఆనిస్తే వచ్చే మరకలవి.

క్రేన్ నడిపే మనిషి మోకాళ్ళ మీద ఎందుకు కూర్చుంటుంది? నువ్వు దణ్ణాలు పెట్టే రకం కాదు. బాత్‌రూములో రోజుకి ఎన్నిసార్లు మోకాళ్ళ మీద వాంతి చేసుకుంటున్నావో రాయి. అంకె రాయి. బాగుంది అని రాయకు.

ప్యాంటు బిగించలేదు. జవాబు వచ్చేదాకా బిగించను.

అక్క

మీ బావకి ఆపరేషన్ సోమవారం. నిన్ను అడిగానని చెప్పమన్నారు.


రేవు క్వార్టర్స్
సోమవారం సాయంత్రం

అక్కా,

ఐదు. కొన్ని రోజులు ఆరు.

నిన్ననే నీకొక ఉత్తరం రాశాను, అంతా బాగుందని. అది చింపేశాను. ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్పకపోతే నా గుండె ఆగేలా ఉంది.

పదకొండు గంటలప్పుడు ఇనుప చుట్ట ఒకటి పైకెత్తి ఓడ మీదికి తిప్పుతున్నాను. కింద ఇద్దరు కుర్రాళ్ళు కొక్కేల దగ్గరున్నారు. ఉన్నట్టుండి గాజు మీద నల్ల చుక్కలు. తుడవబోయాను. చుక్కలు గాజు మీద కాదు, నా కళ్ళల్లో. చెవుల్లో హోరు. చెయ్యి లివరు మీదే ఉంది కానీ అది నా చెయ్యిలా లేదు. ఎంతసేపో తెలీదు, రెండు క్షణాలో, పదో. కళ్ళు తేటపడేసరికి చుట్ట ఆ కుర్రాళ్ళ నెత్తిమీద ఊగుతోంది, వాళ్ళు పరుగెడుతున్నారు. కింద జెండాయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నీకు చెప్పాను కదా, నాకు సైగలిచ్చే పెద్దాయన. ఆయన్ని చూసి చుట్టని ఖాళీ నేల మీద దించాను. తర్వాత క్యాబిన్‌లోనే, టిఫిన్ డబ్బాలో వాంతి చేసుకున్నాను.

ఫోర్‌మన్ అడిగితే గాలి అన్నాను. నమ్మాడు. జెండాయన మాత్రం నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అసలు విషయం. తనిఖీ ముందుకు జరిగింది. వచ్చే సోమవారమే! నేను నూట రెండు. ఇంకో రెండు కిలోలక్కా, రెండే. శనివారం దాకా ఆగను. గురువారం పొద్దున్నే ఇంజెక్షన్ వేసుకుని డ్యూటీకి వెళ్తాను. సోమవారానికి దిగుతుంది. కాటా దిగాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అన్నీ చెబుతాను, ఒట్టు.

ఇంకో అబద్ధం కూడా ఆడాను. నాలుగు వారాలకని ఇచ్చిన సీసా రెండు వారాలకే అడుగంటింది. ఎక్కడో కారిపోయి ఉంటుంది. పగిలిపోయిందని చెప్పి ఇంకోటి తెప్పించుకున్నాను. నేను వేసుకుంటున్నది ఇరవై గీతలే, ఒక్క గీత కూడా ఎక్కువ కాదు, అమ్మ మీద ఒట్టు.

తిట్టు, కానీ వద్దని మాత్రం అనకు. ఆ క్యాబిన్ లేకపోతే నేనెవరినో నాకు తెలీదు.

గున్న


కుట్టు గది
బుధవారం మధ్యాహ్నం

గున్నా, వేసుకోకు. ముందు అది చదువు, తర్వాత మిగతాది. వేసుకోకు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. సీసా సగం రోజులకే అయిపోయిందన్న చోట ఆగిపోయాను. నా దగ్గర బట్ట అలా ముందే అయిపోతే, ఎవరు దొంగిలించారని వెతకను. కొలత చూసుకుంటాను.

మీ బావ మందుల డబ్బాలో పాత సిరంజి ఒకటి అడుగున మిగిలి ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. పది అన్న అంకె దాటాక ఇరవై అన్న అంకె దాకా గీతలు లెక్కపెట్టాను. ఐదే ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. ఎదురు మందుల షాపాయన చేత కూడా లెక్కపెట్టించాను. ఇవి పెద్ద సిరంజిలు, ఒక్కో గీత రెండు యూనిట్లు. నీకు మొదట ఇచ్చిన చిన్నవాటిలో ఒక్కో గీత ఒకటి. నువ్వు ఇరవై గీతలు వేసుకుంటే ఒంట్లోకి వెళ్ళింది నలభై. పది నుంచి ఒక్కసారిగా నలభైకి ఎక్కావు. కనీసం రెండుసార్లు.

ఆ ప్యాకెట్టు పంపింది నేను. సూది ఏదైనా సూదే అనుకున్నాను. మిషన్‌లో సూది నంబరు మారితే గుడ్డ చిరుగుతుందని పనికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పే మనిషిని, నీ ఒంటికొచ్చేసరికి ఆ మాత్రం చూసుకోలేకపోయాను. నిన్ను తిట్టడానికి కూర్చున్నాను కానీ నాకు ఆ హక్కు లేదు.

షాపాయన చేత నీకు నాలుగుసార్లు ఫోన్ చేయించాను. ఎత్తలేదు. రేవు ఆఫీసుకి చేయిస్తే డ్యూటీలో ఉందని పెట్టేశారు. అసలు సంగతి వాళ్ళకి చెప్పమందామని నోటిదాకా వచ్చింది, నీ సీటు పోతుందని మింగేశాను. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే అదీ తప్పే అనిపిస్తోంది. ఆ ఇద్దరు కుర్రాళ్ళకి కూడా ఎక్కడో ఒక అక్క ఉంటుంది. అందుకని ఈ కవరు అంటించకుండా పంపుతున్నాను. సాయంత్రం బస్సు డ్రైవరు మన కస్టమరే, పొద్దున్నకల్లా రేవు గేటు దగ్గర ఇస్తానన్నాడు. ఎవరి చేతికి ముందు అందితే వాళ్ళు చదవండి. చదివినవాళ్ళు దాన్ని క్రేన్ ఎక్కనివ్వకండి. మీకు పుణ్యముంటుంది.

నేనే వచ్చేదాన్ని. మీ బావ కళ్ళకి కట్టుంది, గంటకోసారి చుక్కలు వెయ్యాలి, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇలాంటి రోజున నేనిక్కడ కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాను.

ఒకవేళ ఇది అందేసరికే వేసుకుని ఉంటే, పైకి ఎక్కకు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. ఎంత, ఎన్నిసార్లు, ఎప్పుడు, మొత్తం చెప్పు. ఈ ఉత్తరమే ఇచ్చెయ్యి.

అక్క


ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
ఆదివారం

అక్కా,

బతికే ఉన్నాను. చేతికి సూది గుచ్చి ఉంది కాబట్టి అక్షరాలు వంకరగా వస్తాయి.

గురువారం ఆరింటికే వేసేసుకున్నాను. ఇరవై గీతలు. ఏడింటికి నిచ్చెన దగ్గర బెల్టు పెట్టుకున్నాను, రెండో మెట్టు మీద కాలుంది. జెండాయన గేటు వైపు నుంచి కాగితం పట్టుకుని వచ్చాడు. పిలవలేదు. నిచ్చెనకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచాడు. మా పనిలో దానికి ఒకటే అర్థం, ఆపు అని. పద్నాలుగేళ్ళుగా నేను ఎత్తిన బరువులకి చూపించిన సైగ మొదటిసారి నాకు చూపించాడు.

దిగి చదివాను. నీ అక్షరాలు ఎప్పుడూ కుట్టు వేసినట్టు ఉంటాయి. ఆ కాగితం మీద మాత్రం పిచ్చిగా పరుగెత్తాయి. నేను వేసుకున్న సంగతి నాకొక్కదానికే తెలుసు. వేసుకోలేదని చెప్పి ఎక్కేయొచ్చు. నిజంగా చెబుతున్నాను, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "వేసేసుకున్నాను" అన్నాను. బెల్టు జెండాయనే విప్పాడు. సోమవారం గాలి లేదని కూడా ఫోర్‌మన్‌కి చెప్పేశాను.

మధ్యాహ్నానికి మొదలైంది. దాని గురించి రాయను. ఒంట్లో నీళ్ళన్నీ పోయి మూత్రపిండాలు ఎండిపోతున్నాయట. కడుపు ఫొటోలు తీశారు, క్లోమం, పిత్తాశయం బాగానే ఉన్నాయి. ఈ మందు వేసుకున్నాక వారం దాకా ఒంట్లోనే తిరుగుతుందట, కక్కేస్తే పోయేది కాదు. అందుకే పంపించకుండా ఉంచారు. డాక్టరమ్మ నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఎంత వెళ్ళిందో కచ్చితంగా తెలియడం మంచిదైంది. మీ అక్క ఏం చేస్తారు?" అని అడిగింది. దర్జీ అని చెప్పాను. తర్వాత నన్ను కడిగేసింది. ఫోన్‌లో బాగున్నానని నువ్వన్నావు, నేను నమ్మాను, ఇంకెప్పుడూ నమ్మను, మనిషి వచ్చి నిలబడితేనే మందు, అంది.

ఇంకోటి చెప్పాలి. శుక్రవారం పొద్దున నన్ను తూచారు. తొంభై తొమ్మిదిన్నర.

అక్కా, బెల్టు సరిపోయింది! నర్సు ఆ బరువు రాసిన చీటీ నా మంచం మీద పెట్టి వెళ్ళింది. తేదీ, ఆసుపత్రి ముద్ర, అన్నీ ఉన్నాయి. ఆఫీసుకి అది చాలు. మధ్యాహ్నమంతా ఆ చీటీ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. సాయంత్రం ఫోర్‌మన్ చూడటానికి వచ్చాడు. దిండు కిందికి చెయ్యి వెళ్ళింది కూడా. అప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఆయన వెనకే లోపలికి వచ్చారు, చేతిలో పళ్ళ సంచీతో. "అమ్మగారూ, ఎప్పుడొస్తారు? మీరు లేకపోతే కొత్తాయన చుట్టల్ని ఎక్కడపడితే అక్కడ దించుతున్నాడు" అన్నారు. నా చెయ్యి బయటికి వచ్చేసింది. చీటీ దిండు కిందే ఉండిపోయింది.

సెలైను అయ్యాక మళ్ళీ తూయమన్నాను. నూట రెండు. ఫోర్‌మన్‌కి అదే చెప్పాను. మూడు నెలలు కింద పని. తర్వాత కూడా ఆ సీటు నాదే అని ఎవరూ మాటివ్వలేదు.

నీ ఉత్తరంలో ఒక్క మాట కొట్టెయ్యి, నీకు హక్కు లేదన్నది. ప్యాకెట్టు నువ్వు పంపావు. అది కొత్త రకం అని డాక్టరమ్మకి చూపించనిది నేను. కళ్ళు తిరుగుతుంటే ఎక్కింది నేను. కాబట్టి తీరిక చేసుకుని తిట్టు.

గున్న


కుట్టు గది
బుధవారం

గున్నా,

ఉత్తరం చదివి గట్టిగా ఏడ్చానట. నాకు వినపడలేదు, మీ బావ చెప్పారు. కట్టు విప్పారు, ఆయనకి ఇప్పుడు దుమ్ము కూడా కనిపిస్తోందట, ఇంట్లో నా పరువు పోయింది.

తిట్లు దాచి ఉంచాను, ఎదురుగా తిడతాను. వచ్చే నెల ఆయన్ని వెంటబెట్టుకుని వస్తున్నాను.

అమ్మ టేపు కొక్కేనికి తగిలించాను. ఇక దాంతో కొలవను. నీకు కొత్త టేపు పంపుతున్నాను, అంకెలు పెద్దవి. కళ్ళజోడు కూడా చేయించుకో. మళ్ళీ ఆ మందు మొదలుపెడితే సిరంజి మీద అంకె చదివి, ఆ అంకె నాకు రాసి, అప్పుడు వేసుకో. నవ్వితే నవ్వు.

అక్క


రేవు క్వార్టర్స్
ఆదివారం

అక్కా,

మీరు వెళ్ళి రెండు నెలలైంది, బావగారు బిగించిన కుళాయి మళ్ళీ కారుతోంది.

మందు మళ్ళీ పది నుంచే మొదలుపెట్టి, నెల దాటాక ఇరవైకి వచ్చాను. చిన్న సిరంజిలు, ఆసుపత్రివే. అంకె చూసి, గీత చూసి, మళ్ళీ అంకె చూసి వేసుకుంటున్నాను. నిన్నటి అంకె ఇరవై. నాలుగు వారాలకోసారి వెళ్ళి డాక్టరమ్మ ముందు హాజరు వేయించుకుంటున్నాను.

పనిలో జెండాయన పక్కన నిలబడి సైగలు నేర్చుకుంటున్నాను. పైనున్న కొత్తాయన ఒట్టి కంగారు మనిషి. కింద నుంచి చూస్తే ఆ లోడు ఎంత పెద్దదో అక్కా! పద్నాలుగేళ్ళు పైనుంచి అగ్గిపెట్టెలా చూశాను. అది నెత్తిమీదికి వచ్చినప్పుడల్లా నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడుస్తున్నాయి.

నిన్న తూచారు. నూరు కిలోల నాలుగు వందల గ్రాములు. ఫోర్‌మన్ కాటా వైపు చూసి, నా వైపు చూసి, "చెప్పులు విప్పి ఎక్కుతావా?" అన్నాడు. మంచి మనిషి. వద్దు, పైకి చెప్పులతోనే కదా ఎక్కుతాను అన్నాను. వచ్చే నెల మళ్ళీ రమ్మన్నాడు. సీటు ఎవరికీ రాసివ్వలేదు, అంతవరకూ ఖాయం.

నడుము నలభై ఒకటి. తుంటి నలభై ఆరున్నర. అంకెలు చూసే రాశాను.

ప్యాంటు పార్శిల్ చేశాను, బిగించి పంపు. నువ్వు ముందు మోకాళ్ళే చూస్తావని తెలుసు. చూసుకో, శుభ్రంగా ఉన్నాయి.

గున్న